కనబడదు, పలుకుతుంది

నవంబర్ 4, సోమవారం

కార్తీక సోమవారం. ఉపవాసం.

విశాఖపట్నం నుంచి శనివారం వచ్చాం. నెల రోజుల తరవాత కొట్టు తలుపు తీస్తే కార్డుల అట్టల వాసన ముఖానికి కొట్టింది. ఈ పుస్తకం పెళ్ళికార్డుల ఆర్డర్లు రాసుకోవడానికి మా ఆయన కొన్నది. ఆర్డర్లు లేవు. అందుకని నేను రాసుకుంటున్నాను.

ఆయన మేడమీద గదిలో ఉన్నారు. మెడకు కట్టిన తెల్లగుడ్డ ఊపిరి తీసినప్పుడల్లా లోపలికీ బయటికీ కదులుతుంది. గొంతులో మాట పుట్టే పెట్టెను మొత్తం తీసేస్తామని, ప్రాణం ఉంటుంది కానీ మాట ఉండదని డాక్టరు ముందే చెప్పారు. ప్రాణం ఉంది. అప్పన్న దయ. రోజూ ఈ మాట ఒకసారి రాసుకోవాలి.

ఇంటర్నెట్ పెట్టె దీపాలు వెలగడం లేదు. ఫోన్ చేస్తే మధ్యాహ్నం మనిషి వచ్చి పాతది విప్పేసి కొత్తది గోడకు బిగించాడు. "హేయిగలా మావుసీ" అన్నాడు. అయిపోయింది కదా అని నేనూ ఒడియాలోనే అడిగాను. అయిపోయిందన్నాడు.

నవంబర్ 5, మంగళవారం

పొద్దున్న పూజయి గంట కొట్టాక మేడమీద కుర్చీ జరిగిన చప్పుడైంది. జావ తీసుకెళ్తే నన్ను చూసి నవ్వారు. నవ్వడానికి నేనేం చేశానో తెలియలేదు. ఏదైతేనేం, నవ్వారు. ప్రాణం ఉంది. అప్పన్న దయ.

నవంబర్ 6, బుధవారం

చిట్టిబాబు వచ్చాడు. కూతురి పెళ్ళి ఇరవై ఎనిమిదిన. పెళ్ళికొడుకుది ఖల్లికోట. కార్డు మేము విశాఖపట్నం వెళ్ళేముందే సగం తయారై ఉంది. ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు. ఒడిశాలోని ఈ హల్దియాపదర్‌లో ఇంకా తెలుగు అచ్చు కావాలనే వాళ్ళందరికీ ఆయనే దిక్కు.

"రేపో ఎల్లుండో ఇచ్చీమ్మా. సుట్టాలకి పంచాల," అన్నాడు.

సరేనని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా ఇంట్లో పని ఎలా జరిగేదంటే, మేడమీద కంప్యూటర్లో ఆయన కార్డు తయారుచేసి అక్కడే ఒక ఫోల్డర్లో పెడతారు. వెంటనే పైనుంచి ఒక కేక. "ఇదిగో! పెట్టినాను, సూడు!" ఆయనది గోపాలపూర్ గొంతు. వాళ్ళ నాన్న పడవలో ఉంటే ఒడ్డు మీంచి అలల మీదుగా పిలిచిన గొంతు. ఆ కేక వినగానే నేను కొట్టులో కంప్యూటర్ మీద నెట్‌వర్క్ అన్న బొమ్మ నొక్కుతాను. రెండు కంప్యూటర్ బొమ్మలు పక్కపక్కన వస్తాయి. మొదటిది మేడమీదిది. రెండోది నా ముందున్నది. మొదటిది నొక్కి, ఫైలు తెరిచి, ప్రింటు తీస్తాను. పదకొండేళ్ళుగా అంతే.

ఈ రోజు ఒక్క బొమ్మ కూడా రాలేదు. ఖాళీ తెల్ల తెర.

మేడమీది కంప్యూటర్ ఆగిపోయిందేమోనని పైకి వెళ్ళాను. ఆగలేదు. దాని లోపలి ఫంకా చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన నన్ను చూసి చెయ్యి ఎత్తి అటువైపు చూపించారు. కంప్యూటర్ పైన గోడకు జగన్నాథుడి కేలండర్ ఉంది. నేను ఊరెళ్ళినప్పటి నుంచి అక్కడ దీపం పెట్టలేదు. చెంపలు వేసుకుని కిందికి వచ్చి ప్రమిద తీసుకెళ్ళి వెలిగించాను. ఆయన చాలాసేపు నన్నే చూశారు. తరవాత కళ్ళు మూసుకున్నారు.

మాట పోయాక దేవుడి మీదికి మనసు వెళ్ళిందని సంతోషపడ్డాను.

నవంబర్ 7, గురువారం

ఈ రోజూ తెర ఖాళీ.

ఆ బొమ్మల్ని ఆయనే తీసేసి ఉంటారు. ఆయన చేతిలోని పని, ఆయనకు తెలియకుండా ఎలా పోతుంది? అది నాకు కనబడడం ఆయనకు ఇష్టం లేదేమో. అడగకూడదు. జబ్బు మనిషిని అడిగి నొప్పించకూడదు.

చిట్టిబాబు మళ్ళీ వచ్చాడు. "పెన్‌డ్రైవ్‌లో ఏసి దింపీమ్మా పైనుంచి. ఎంత పని?" అన్నాడు.

పెన్‌డ్రైవ్ పెట్టే కన్నాలన్నిటినీ ఆయన అట్టలంటించే పట్టీతో మూసేశారు. ఒకసారి ఎవరిదో పెన్‌డ్రైవ్ పెడితే నెల రోజుల పని పోయింది. "పెన్‌డ్రైవంటే ఊల్లోవాల సెప్పులు. గుమ్మం దాటి రానీకు," అనేవారు. ఆ పట్టీ పీకడానికి నాకు చేతులు రావు.

"కాస్త ఆగు బాబూ," అన్నాను.

నవంబర్ 8, శుక్రవారం

చిట్టిబాబు తమ్ముడొకడు వచ్చి తిన్నగా బల్ల దగ్గరున్న ఆయన కుర్చీలో కూర్చోబోయాడు. "అది కాదు నాయనా," అని ముక్కాలిపీట వేశాను. వాడు వెళ్ళాక ఆ కుర్చీని శుభ్రంగా తుడిచి లోపలికి తీసుకెళ్ళి, పూజగది పక్కన పెట్టి, ఉతికిన దుప్పటి కప్పాను. ఆయన కుర్చీ ఆయనకే. వచ్చిన ప్రతివాడూ కూర్చోవడానికి కాదు.

ఆ పని చేస్తుంటే మెట్ల పైన ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. తల ఎత్తేసరికి ఎవరూ లేరు.

సాయంత్రం జావ ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు.

నవంబర్ 9, శనివారం

భంజనగర్‌కు ఫోన్ చేశాను. మా అక్క కూతురు లక్ష్మీప్రసన్న అక్కడ బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. చిట్టిబాబు కార్డుల కోసమే చేశాను. ఇంకెందుకూ కాదు.

"పిన్నీ! బాబాయికి ఎలాగుంది?"

"బాగున్నారు. కంప్యూటర్ కనబడ్డం నేదమ్మా."

"ఓలమ్మ, ఎవులెత్తుకెల్లిపోనారు?"

"ఎత్తుకెల్లనేదు. మేడమీదే ఉంది. కిందనుంచి కనబడ్డం నేదు."

"మెట్లెక్కి సూడు మరి," అని నవ్వింది. ఆ తరవాత సంగతంతా విని, "ఈ మధ్యన ఇంట్లో ఏటైనా మార్చినారేటి?" అంది.

నెట్ పెట్టె మార్చారని చెప్పాను.

"అదీ! పెట్టె మారితే కంప్యూటర్లు కొత్త ఊరు ఒచ్చీనామనుకుంటాయి పిన్నీ. నువ్వు బస్టాండులో దిగితే ఏటి సేస్తావు? మెడలో గొలుసు కొంగు కింద దాసుకోవా? అవీ అంతే. ఎవులికీ కనబడకండా కప్పేసుకుంటాయి. ఇది బస్టాండు కాదు, మనిల్లే అని దానికి సెప్పాల."

ఇల్లు అదే. గోడ అదే. తీగ అదే. గోడకున్న పెట్టె ఒకటి మారితే, పదకొండేళ్ళు పక్కపక్కన బతికినవి ఒకదానికొకటి పరాయివైపోయాయి. అంటే ఆయన తీసెయ్యలేదు. ఆయన తీసెయ్యలేదు!

లక్ష్మీప్రసన్న ఒక్కొక్కటీ చెబుతుంటే నొక్కుకుంటూ వెళ్ళాను. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటే వస్తుంది. పదో తరగతి ఇచ్ఛాపురంలో చదివాను. ఒకచోట పబ్లిక్ అని ఉంది, దాని కింద ప్రైవేట్ అని ఉంది. కిందది నొక్కమంది. తరవాత ఇంకో రెండుచోట్ల ఆన్ చెయ్యమంది. నెట్‌వర్క్ బొమ్మ నొక్కాను. ఒక్క కంప్యూటర్ వచ్చింది. నా ముందున్నదే. దాని కింద నా పేరు ఉంది, ముత్యాలు అని ఇంగ్లీషు అక్షరాల్లో. కొట్టు తెరిచినప్పుడు ఆయన పెట్టిన పేరు. నోటితో నన్ను ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. "ఇదిగో" అంటారు.

"నువ్వు కొంగు తీసినావు. అది తియ్యనేదు," అంది లక్ష్మీప్రసన్న. "పైదానికీ ఇదే సెయ్యాల. బాబాయికి సెప్పు, నిమిషం పని."

"ఆయన నిద్దరోతన్నారు," అన్నాను. పొద్దున్న పదకొండు గంటలకు.

పని ఆగిపోయిందని తెలిస్తే దిగులుపడతారు. దిగులు పడనివ్వొద్దని డాక్టరు చెప్పారు. అందుకే చెప్పలేదు.

నవంబర్ 10, ఆదివారం

సగం గ్లాసు జావ తాగారు. ఏం కావాలో రాయమని పలక ఇస్తే పక్కన పెట్టేశారు.

నవంబర్ 12, మంగళవారం

మెడ కట్టు మార్పించడానికి మా మరిది రాజా వచ్చి ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళాడు. మెట్లు దిగేటప్పుడు ఆయన కొట్టువైపు చూడలేదు. బల్ల దగ్గర కుర్చీ ఉండే చోటు ఖాళీగా ఉంది. అటు చూడకుండా వెళ్ళిపోయారు.

ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టి రాజా వెనక్కి వచ్చి, "వదినా, అన్నియ్య నాతో కూడా రాయడం నేదు. పలక సూపిస్తే తల తిప్పేస్తన్నాడు. ఏటైనా అన్నావేటి?" అని మెల్లగా అడిగాడు.

"నేనేటి అంటాను రాజా," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక కాళ్ళు కడుక్కుని మేడ ఎక్కాను. లక్ష్మీప్రసన్న ఫోన్లో ఉంది. కంప్యూటర్ తెర వెలిగించగానే ఏదో తెలుగులో రాసి ఉన్న కాగితం తెరిచి ఉంది. చదవలేదు. ఆయన లేనప్పుడు ఆయన రాసుకున్నది చదవడం నాకు చేతకాదు. దాన్ని కదపకుండా పక్కనుంచే వెళ్ళి, కింద చేసినట్టే చేశాను. పబ్లిక్ తీసి ప్రైవేట్ పెట్టాను. ఇది మన ఇల్లే తల్లీ అని మనసులో అనుకున్నాను.

"అయినాదా? ఇప్పుడు ఆ కంప్యూటర్ పేరేటో సూడు. ఎబౌట్ అని ఉంటాది," అంది.

చూశాను. నా కంప్యూటర్‌కు నా పేరు పెట్టిన మనిషి తన కంప్యూటర్‌కు ఏం పేరు పెట్టుకుంటాడు? ఆ పాటి నాకు తట్టాలి. రోజూ ఆ బొమ్మ కింద ఆ అక్షరాలు ఉండే ఉంటాయి. నేను బొమ్మనే చూశాను. మొదటిది మేడమీదిది, రెండోది నాది. అక్షరాల జోలికి నా కళ్ళు ఎప్పుడూ వెళ్ళలేదు.

"సూసినావా?"

"సూసినాను," అని గబగబా తెర ఆర్పేశాను.

నవంబర్ 13, బుధవారం

కింద నెట్‌వర్క్ నొక్కాను. ఇంకా ఒక్క బొమ్మే.

లక్ష్మీప్రసన్న కంగారు పడలేదు. "ఒక్కోపాలి అంతే పిన్నీ. జాబితాలో రాదు. కనబడదు గానీ పలుకుతాది. పేరెట్టి పిలవాల."

నేను ఆ మాట మళ్ళీ చెప్పమన్నాను. ఎందుకని అడిగింది. ఊరికే, మళ్ళీ చెప్పమన్నాను.

"కనబడదు గానీ పలుకుతాది. ఇప్పుడు నల్ల తెర ఒకటి ఒస్తాది. అక్కడ పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ ఇడిసి, పేరు కొట్టు. బతికుంటే జవాబిస్తాది."

పింగ్ అని కొట్టాను. ఖాళీ విడిచాను. చెయ్యి ఆగిపోయింది.

"పేరేటి పిన్నీ? నిన్న సూసినావు కదా."

"మేడమీదిది."

"అది పేరేటి?"

మేడ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఆ పేరు గలది ఎక్కడా దొరకలేదని వచ్చింది. చదివి వినిపించాను.

"నిజం పేరు సెప్పు పిన్నీ."

కాసేపటికి అటువైపు నవ్వు మొదలైంది. "ఓలమ్మ ఓలమ్మ! బాబాయి తన పేరే ఎట్టుకున్నాడేటి దానికి? సెప్పనేవా? ముప్పైయేల్లు కాపరం సేసి!"

"ముప్పైయొకటి," అన్నాను.

"పోనీ నాను సెప్పేస్తాను. కొట్టాల్సింది మట్టుకు నువ్వే. నా సెయ్యి భంజనగర్‌లో ఉంది."

"సెప్పకు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎందుకన్నానో తెలియదు. ఆ పేరు ఇంకొకరి నోట విని రాయడం తప్పనిపించింది.

పెళ్ళయి గోపాలపూర్ వచ్చిన రోజు ఆడపడుచు వరలక్ష్మి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. "మొగుడి పేరు సెప్పి లోపలికి రా," అంది. అందరూ ఆడే ఆటే అది. అందరు కోడళ్ళూ సిగ్గుపడి ఏదో గొణిగి లోపలికి వెళ్ళిపోతారు. నాకు నోరు రాలేదు. ఎండలో పావుగంట నిలబడ్డాను. ముసలివాళ్ళు కూడా నవ్వారు. "మూగదాన్ని తెచ్చినాడ్రా," అన్నారెవరో. అప్పుడు వెనకనుంచి ఆయన ఒడ్డంతా వినబడేలాగ, "దాని పేరూ నా పేరూ రెండూ నానే సెప్తాను, సెయ్యి తియ్యండి!" అని అరిచారు. రెండూ ఆయనే చెప్పారు. నేను లోపలికి వెళ్ళాను.

అలా చెప్పకుండానే వచ్చేశాను ఈ ఇంట్లోకి.

నవంబర్ 14, గురువారం

చిట్టిబాబు గుమ్మంలోనే నిలబడి అన్నాడు. "మీయాయనకి గొంతు పోనాది గానీ సేతులున్నాయి కదమ్మా. రేపు సాయంత్రానికి కార్డులు ఇయ్యకపోతే నాను ఇంకోసోట కొట్టించీసుకుంటాను. మొత్తం ఒడియాలోనే కొట్టించీస్తాను, పీడా పోతాది."

అంత గట్టిగా అన్నాడు. పైకి వినబడే ఉంటుంది.

"రేపు ఇస్తాను," అన్నాను. ఎలా ఇస్తానో తెలియదు.

జావ అలాగే ఉండిపోయింది.

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పున్నమి. ఇదంతా వరసగా రాయాలి. ఒక్క ముక్క కూడా పోకూడదు.

తెల్లవారేసరికి తలస్నానం చేసి, తులసి దగ్గర గంగాళంలో నీళ్ళు పోసి, అరటిదొప్పలో దీపం పెట్టి వదిలాను. ఒడియావాళ్ళు దీన్ని పడవంటారు. సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళ కోసం వదులుతారట. దీపం అంచుకు చేరేదాకా చూశాను. లోపలికి వచ్చి సహస్రనామం చదివాను. చివర గంట కొడుతుంటే తట్టింది. వెయ్యి పేర్లు. పుస్తకం చూడక్కరలేకుండా, ఒక్కటి తప్పకుండా, రోజూ స్వామికి వినబడేలా చెబుతాను. వెయ్యి చెప్పే నోటికి ఒక్కటి రాదు. స్వామీ, నువ్వు కూడా కనబడవు. పేరుపెట్టి పిలిచినందుకే కదా నువ్వు ఉన్నావని నాకు తెలిసింది. పిలవకుండా కూర్చుని, కనబడలేదని నిష్ఠూరపడితే ఎవరిది తప్పు?

కొట్టులోకి వెళ్ళి కూర్చున్నాను. నల్ల తెర తెరిచాను. పింగ్. ఖాళీ. ఆ తరవాత ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టాను. ఇంగ్లీషులో ఏడు అక్షరాలు. సప్తపదిలో కూడా ఏడే. ఏడో అక్షరం దగ్గర చెమట పట్టి వేలు జారింది. మళ్ళీ కొట్టాను.

నొక్కాను.

రిప్లై అని ఒక వరస పడింది. ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి. ఇంకొకటి. ఇంకొకటి. నాలుగుసార్లు. పిలిచింది ఒక్కసారి, పలికింది నాలుగుసార్లు. లేచి నిలబడి దండం పెట్టాను. కంప్యూటర్‌కు దండం పెట్టాననుకుంటే అనుకోనీ ఎవరైనా. మా ఇంట్లో ఆ పేరుకు జవాబు వచ్చి నలభై రోజులైంది.

లక్ష్మీప్రసన్న చెప్పినట్టే, పైన అడ్రసు రాసే గదిలో వెనక్కి వాలిన గీతలు రెండు గీసి, మళ్ళీ ఆ పేరు కొట్టాను. ఈసారి వెతుక్కోలేదు. ఫోల్డర్ తెరుచుకుంది. చిట్టిబాబు కార్డు అందులోనే ఉంది. పూర్తయి, అచ్చుకు సిద్ధంగా.

దాని కింద ఇంకో ఐదు ఫైళ్ళు. ప్రతిదానికీ తేదీయే పేరు. ఆయన ఫోల్డర్, కానీ అది నేను చూడ్డానికే పెట్టే ఫోల్డర్. మొదటిది తెరిచాను. ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

నవంబర్ 4. "ముత్యాలూ, అరిచి పిలవలేను కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను. ఇది నీకు అందితే గంట కొట్టు."

నవంబర్ 5. "గంట విన్నాను. సంతోషం. ఇక మనకి ఇబ్బంది లేదు. ఇలాగే మాట్లాడుకుందాం."

నవంబర్ 6. "నువ్వేమీ రాయడం లేదు. కంప్యూటర్ చూపించాను, చూడమని. నువ్వు దీపం పెట్టావు. ఆ జవాబు నాకు అర్థం కాలేదు."

నవంబర్ 7. "నోటితో అడగాల్సిన మాట కాదు, అందుకని ఈ పద్ధతే నయం. నేను కిందికి వచ్చి కొట్టులో కూర్చోవచ్చా? పెళ్ళికార్డులకి వచ్చేవాళ్ళు. శుభమా అని వస్తారు. ఈ చిల్లు మెడతో ఎదురుగా ఉండడం నీకు ఇష్టమేనా? మొహమాటపడకు. ఇష్టమైతే రేపు నా కుర్చీ తుడిచి బల్ల దగ్గర వేసి ఉంచు. మెట్ల మీంచి చూసుకుంటాను. ఇష్టం లేకపోతే తీసెయ్యి. నేనేమీ అనుకోను."

ఎనిమిదో తేదీన నేను ఆ కుర్చీని తుడిచాను. తీసేశాను.

ఆఖరిది నవంబర్ 11. "చూశాను. సరే. విశాఖ ఆస్పత్రిలో టోకెన్ కిటికీ దగ్గర నా పేరు పిలిచారు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. మూడుసార్లు పిలిచారు. పలకలేదని తరవాతి మనిషిని పిలిచారు. పేరు పిలిస్తే పలకలేని మనిషికి పేరెందుకు. చిట్టిబాబు కార్డు ఇందులో పెట్టాను. అచ్చు వేసి ఇచ్చెయ్యి."

మొన్న పైన తెరమీద తెరిచి ఉన్న కాగితం ఇదే అయి ఉంటుంది. కదపకుండా పక్కనుంచి వెళ్ళాను.

ఆయన వైపునుంచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫోల్డర్ ఆయన దగ్గరే ఉంది. రాసినవి రాసినట్టే కనబడుతున్నాయి. గంట కూడా మోగింది. అవి గోడ దాటి రాలేదని ఆయనకు ఎలా తెలుస్తుంది? పదకొండు రోజులు ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. మాటలేని మనిషని నేను జావ పోశాను.

అదే ఫోల్డర్లో కొత్త కాగితం తెరిచి, రండి అని రాసి దాచబోయాను. ఇక్కడ చదవడమే కానీ రాయడానికి అనుమతి లేదని వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అదే. లక్ష్మీప్రసన్నకు ఫోన్ చేస్తే, "అది ఇంకో తాళం పిన్నీ, పైనుంచే తియ్యాల. సాయంత్రం బడి అయినాక సెప్తాను," అంది.

సాయంత్రం దాకా ఆగలేను.

లోపలికి వెళ్ళి దుప్పటి తీసి కుర్చీ తెచ్చి బల్ల దగ్గర వేశాను. మెట్ల దగ్గర నిలబడ్డాను. ఎక్కి వెళ్ళి చెప్పవచ్చు. పలక మీద రాసి చూపించవచ్చు. కానీ ఆయన అడిగింది ఒక్క కుర్చీ సంగతే కాదు. పేరెందుకని కూడా అడిగారు. దానికి జవాబు పలక మీద రాసేది కాదు. ముప్పైయొక్కేళ్ళ కిందట గుమ్మంలో చెప్పాల్సింది నా దగ్గర ఉండిపోయింది.

చివర గారు చేర్చాలా అని ఆలోచించాను. సహస్రనామంలో ఎక్కడా గారు లేదు. గోవిందా అంటాం. నారాయణా అంటాం. మరీ పెద్దవాళ్ళను పిలిచేటప్పుడు గారు సరిపోదు.

"దాలయ్యా!"

మొదటిసారి నాకే సరిగా వినబడలేదు. రెయిలింగ్ పట్టుకుని, కళ్ళు మూసుకుని, అలల అవతల పడవ ఉందనుకుని పిలిచాను.

"దాలయ్యా! రాండి! నాకేటీ అందనేదు, పెట్టె మారిపోనాది! కుర్చీ ఏసినాను, రాండి!"

మేడమీద ఏ చప్పుడూ లేదు. ఫంకా కూడా ఆగినట్టనిపించింది.

అప్పుడు పైన ఇనప రెయిలింగ్ మీద ఉంగరంతో కొట్టిన చప్పుడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

నా చేతి కింద ఇనుము వణికింది.

నవంబర్ 16, శనివారం

చిట్టిబాబు కార్డులు నిన్న సాయంత్రమే తీసుకెళ్ళాడు. కుర్చీలో ఉన్న ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగి, మొదటి కార్డుకు పసుపు రాసి ఆయన చేతికే ఇచ్చాడు. "పెళ్ళికి రావాల బావా. మాటాడక్కర్నేదు, తింటే సాలు," అన్నాడు. ఆయన భుజాలు కదిలాయి. అది నవ్వు. ఇంకా అలవాటు చేసుకోవాలి నేను.

ఈ పొద్దున్న పాలు పోయించుకుంటుంటే పక్కింటి కాసమ్మ అడిగింది. "నిన్న మీ ఇంట్లో ఆ పిలుపేటమ్మా? వీధి సివరికినపడినాది. మీ ఆడపడుసు ఒచ్చీనాదేటి? మీయాయన్ని పేరెట్టి పిలిసిందెవులు?"

కొట్టులో కార్డులు సర్దుతున్న చప్పుడు ఆగింది. వింటున్నారు.

"నేనే," అన్నాను.

బల్లమీద ఉంగరం నాలుగుసార్లు మోగింది.